పదకొండు మిల్లీమీటర్ల జాజ్

నాకు కోపం ఎక్కువని మా అక్క కనబడ్డ ప్రతివాళ్ళకీ చెబుతుంది. ఎక్కువేం కాదు, టైముకి వస్తుంది, అంతే. గడియారాలు బాగుచేసుకుని బతికేవాడికి కోపం కూడా టైముకి రాకపోతే ఇక వాడెందుకు? మీకు ప్రాణంతో సమానమైన రికార్డుని నలుగురూ కూర్చుని పన్నెండేళ్ళపాటు, ప్రతి ఆదివారం, "నిద్రమాత్ర" అని పిలుస్తుంటే మీరు మాత్రం నవ్వుతూ ఊరుకుంటారా? ఊరుకునేవాళ్ళుంటే చెప్పండి, వచ్చి దండం పెట్టి వెళతాను.

నలుగురూ అన్నాను గానీ, అందులో నన్ను తీసేస్తే మిగిలేది ముగ్గురే. మొదటివాడు మా బావ. అక్క మొగుడు, పళ్ళ డాక్టరు. ముందు క్లినిక్కు, వెనక ఇల్లు. ఆదివారం క్లినిక్కుకి సెలవు కాబట్టి, రోగులు దవడలు పట్టుకుని కూర్చునే ముందుగదిలో మా జాజ్ సభ జరుగుతుంది. రికార్డు ప్లేయరు బావది, రికార్డుల్లో ముప్పాతిక బావవి. అందుకని అభిప్రాయాలు కూడా ఆయనవే అయి ఉండాలని ఆయన నమ్మకం. రెండో మనిషి టైపు పిన్ని. ముప్ఫై నాలుగేళ్ళు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయింది. మాలో ఎవరికీ పిన్ని కాదు, అందుకే అందరికీ పిన్ని. పాట నడుస్తున్నంతసేపూ ఒళ్ళోని చేతిసంచి మీద రెండు చేతులతో టైపు కొడుతూనే ఉంటుంది. వాయించేవాడి దగ్గర వాంగ్మూలం తీసుకుంటున్నానంటుంది.

మూడోవాడు సిటీ బస్సు డ్రైవరు. రికార్డులు తుడిచి, పళ్ళెం మీద పెట్టి, సూది దింపే పని అతనిది. నిండు బస్సుని కుదుపు లేకుండా ఆపే మనిషి కనక సూదిని కూడా అంత మెత్తగానూ దింపుతాడు. తనకంటూ ఒక ఇష్టమైన ఆల్బం లేదు. ఏదైనా అడిగితే, "నాకు చెవి లేదండీ, మీరేది మంచిదంటే అదే" అంటాడు. నేనూ కాదనేవాణ్ణి కాదు. చెవి లేనివాడు లేదని ఒప్పుకోవడం మంచి గుణమే కదా అనుకునేవాణ్ణి.

మా సభకి ఒక పద్ధతి ఉంది. వాయించేవాళ్ళ పేర్లు పలకం. మొదట్లో పలికేవాళ్ళం. ఒకాయన పేరుని ఎలా పలకాలనే తగువులో రెండు ఆదివారాలు, పిన్ని కళ్ళజోడు పోయాయి. ఆ మీదట ప్రతి ఆల్బాన్నీ అట్ట మీదున్న బొమ్మతోనే పిలవాలని తీర్మానించుకున్నాం. బావకి ప్రాణం ఎర్ర గొడుగు. అందులో శాక్సఫోను వాయించే ఆయన్ని "పెద్దాయన" అంటాడు. ఆ పెద్దాయన ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి కాలినడకన వెళతాడట, అంత ఓపిక భూమ్మీద ఇంకే వాయిద్యగాడికీ లేదట. పిన్నికి పిల్లి. అదొక పియానో ఆల్బం, అట్ట మీద పియానో, దాని మీద పిల్లి. నాది ఖాళీ కుర్చీ. అందులో ట్రంపెట్ ఊదేవాణ్ణి నేను బాకావాడంటాను, మిగతావాళ్ళు నిద్రమాత్ర అంటారు. అయినా ప్రతి ఆదివారం చివర్న ఖాళీ కుర్చీ పెట్టించేదాకా నేను ఇంటికి వెళ్ళను. వినీ వినీ ఏదో ఒకనాటికి బుద్ధి రాకపోతుందా అని.

ఏటా ఆఖరి ఆదివారం ఓటింగు. ఎవరి ఆల్బానికి వాళ్ళు వేసుకోకూడదు. మందులు రాసే చీటీల మీద రాసి మడిచి ఇవ్వాలి. గెలిచిన ఆల్బం అట్టని ముందుగది గోడకి, అరిగిన దవడపళ్ళ బొమ్మ పక్కన, ఏడాదంతా వేలాడదీస్తారు. పన్నెండేళ్ళలో ఎర్ర గొడుగు ఏడుసార్లు గెలిచింది, పిల్లి ఐదుసార్లు. ఖాళీ కుర్చీకి గెలుపు మాట అటుంచి, ఒక్క ఓటు కూడా పడలేదు. ఒక్కటంటే ఒక్కటి. నేను చచ్చేలోగా ఆ అట్టని ఆ దవడపళ్ళ పక్కన చూడాలి. అంతకంటే పెద్ద కోరికలు నాకేం లేవు.

ఇక మా అక్క. ఆవిడ మా సభలో లేదు. వీటన్నిటినీ కలిపి "మీ పీపీలు" అంటుంది. కానీ ప్రతి ఆదివారం మేం లేచే వేళకి వేడి వేడి కేకు పట్టుకొస్తుంది. జాజ్ వల్ల మా కుటుంబానికి జరిగిన మేలు అదొక్కటే అని కూడా అంటుంది.

ఈసారి ఓటింగుకి రెండు వారాలుందనగా బావ హద్దు మీరాడు. ఖాళీ కుర్చీ మొదటి వైపు నడుస్తోంది. రెండో పాటలో పియానో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకున్నాక, బాకావాడు కాసేపు ఆగి అప్పుడు అందుకుంటాడు. ఆ ఆగడమే నాకు ప్రాణం. సరిగ్గా అక్కడ బావ కుర్చీలోంచి లేచి, నోరు పుక్కిలించే సింకు దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చుని, ఇంకా లేవలేదా వీడు అని అడిగాడు. పిన్ని పగలబడి నవ్వింది. డ్రైవరు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు టైముకి రావలసింది వచ్చింది.

అర నిమిషం పడుకున్నాడని బావ, పది సెకన్లు దాటలేదని నేను. జేబులోంచి స్టాప్‌వాచీ తీశాను. డ్రైవరు సూదిని వెనక్కి తెచ్చి మళ్ళీ దింపాడు. పదకొండు సెకన్లు వచ్చింది. పదకొండు సెకన్లు కూడా నిద్రేనన్నాడు బావ. ఆ మొహం చూడబుద్ధి కాక, రెండో వైపు మొదలవగానే ఊరికే వాచీ నొక్కి, దాన్నే చూస్తూ కూర్చున్నాను. పాటలయిపోయాక ఆపాను. ఇరవై ఒక్క నిమిషాల నలభై తొమ్మిది సెకన్లు. అట్ట వెనక సన్నక్షరాల్లో ఆ వైపు ఇరవై నిమిషాలని అచ్చేసి ఉంది.

అచ్చేసినవాణ్ణి మనసులో నాలుగు తిట్టి ఇంటికి పోయాను. కానీ నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారం ఎవరికీ కనబడకుండా వాచీని రుమాలు కింద పెట్టుకుని అన్నీ కొలిచాను. ఎర్ర గొడుగు ఒక వైపు పద్దెనిమిది నిమిషాలని అచ్చు, పంతొమ్మిదిన్నర దాటింది. పిల్లి ఇరవై రెండని అచ్చు, ఇరవై నాలుగయింది. ముగ్గురు అచ్చువాళ్ళు ఒకే తప్పుని ఒకే పాళ్ళలో చెయ్యరు. పదకొండు నిమిషాల్లో అవ్వాల్సింది పన్నెండు నిమిషాలు తీసుకుంటోంది. తప్పు మిషనుదే. ఆ మిషనులో చక్రం వేసిందేమో నేనే.

పన్నెండేళ్ళ కిందట, మా సభ మొదలైన కొత్తల్లో, ఆ ప్లేయరు మోటారుకి ఉండే చిన్న చక్రం పగిలిపోయింది. దాని మీదుగా రబ్బరు బెల్టు తిరిగితేనే పైన పళ్ళెం తిరుగుతుంది. అలాంటిది బజారులో దొరకలేదు. నేను కొలతలు రాసుకుని ఇత్తడితో ఒకటి తయారుచేసి వేశాను. దానికి బదులుగా బావ నా జ్ఞానదంతం ఊరికే పీకాడు. చక్రం మందం తగ్గితే పళ్ళెం నెమ్మదిస్తుంది. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు.

షాపుకి వెళ్ళి, పాత చీటీలన్నీ గుచ్చి ఉంచే తీగని అటక మీంచి దింపాను. నేను చీటీ పారేసే రకాన్ని కాదు. ఒక పూటంతా వెతికితే దొరికాయి, రెండూ పక్కపక్కనే. ఒకదాని మీద "బావ మిషను, పన్నెండు". రెండోదాని మీద "గోడగడియారం గొట్టం, పదకొండు". రెండూ ఒకే రోజు చేశాను. ఒకదాని చీటీ చూసి ఇంకోదాన్ని చేశాను. గోడగడియారం గొట్టం లావైపోయి దూరకపోతే, గడియారం సొంతదారుణ్ణి తిట్టుకుంటూ దాన్ని ఒక మిల్లీమీటరు అరగదీసింది కూడా గుర్తొచ్చింది. అప్పుడైనా బుర్ర వెలగలేదు. తప్పు ఎదుటివాడిదని నాకంత గట్టి నమ్మకం.

అంటే, బాకావాణ్ణి నిద్రపుచ్చింది నేను. నా ఇత్తడి ముక్కే నా ఖాళీ కుర్చీకి పన్నెండేళ్ళు ఓట్లు రాకుండా చేసింది. కంచే చేను మేసిందంటారే, అదిగో, ఆ కంచెని నేను.

చెబితే ఖాళీ కుర్చీకి న్యాయం జరుగుతుంది. కానీ ఏమని చెప్పాలి? నా షాపు బోర్డు మీద "ఇక్కడ కాలం తప్పదు" అని అరడుగు అక్షరాలున్నాయి. దాని కింద కూర్చునేవాడు, ప్రతి ఆదివారం కాలం తప్పుతుంటే పన్నెండేళ్ళు తాళం వేస్తూ తల ఊపాడని చెప్పాలి. బావకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? వచ్చిన ప్రతి రోగికీ చెబుతాడు. వాళ్ళు నోరు తెరుచుకుని ఉంటారు కాబట్టి మధ్యలో ఆపనైనా ఆపలేరు. నెల తిరిగేసరికి నా దగ్గర వాచీ ఇచ్చేవాడుండడు. చెప్పకపోతేనేమో నా బాకావాడు ఇంకో పన్నెండేళ్ళు నిద్రమాత్ర. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రెండు రోజులు ఆలోచించి, రెండూ దక్కే ఉపాయం పట్టాను. సరైన చక్రం చేసి, ఎవరికీ చెప్పకుండా మార్చేస్తే సరి. ఖాళీ కుర్చీ తనంతట తనే గెలుస్తుంది, నా పేరు నాకుంటుంది. పన్నెండు మిల్లీమీటర్ల చక్రం చేశాను. ఏడుసార్లు కొలిచాను. ఎనిమిదోసారి చీటీని కూడా కొలవబోయి మానేశాను.

శనివారం పొద్దున్న క్లినిక్కుకి వెళ్ళాను. బావ లోపల ఎవరిదో పన్ను తొలుస్తున్నాడు, ఆ రొదలో ఏనుగొచ్చినా వినబడదు. ముందుగదిలో ఎవరూ లేరు. పళ్ళెం ఎత్తి, బెల్టు తీసి, పాత చక్రం ఊడదీసి కొత్తది వేశాను. పాతది కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అంతలో రొద ఆగింది. తలుపు తీసి బావ ఏంటిలా వచ్చావన్నాడు. పన్ను నొప్పి అని నోటికొచ్చింది చెప్పాను. రారా కూర్చో అన్నాడు. కాదనడానికి లేదు. లేని నొప్పి కోసం వెతికితే ఉన్న పుచ్చు దొరికింది. అర దవడ మొద్దుబారి, ఒక పన్ను తక్కువై ఇంటికి చేరాను. ఎంత ఖర్మ.

ఓటింగు ఆదివారం వచ్చింది. ముందు ఎర్ర గొడుగు. డ్రైవరు సూది దింపాడు. పెద్దాయన మొదలుపెట్టాడు. ఆయన కాలినడక మానేసి సైకిలెక్కాడని నాకు రెండు క్షణాల్లో తెలిసింది. బావ కనుబొమలు ముడిపడ్డాయి. కాసేపయ్యాక, ఈవేళ ఈయనకేదో తొందర పని ఉన్నట్టుందే అన్నాడు. పిన్ని వేళ్ళు చేతిసంచి మీద టకటకలాడుతున్నాయి. తనకి వయసు పదేళ్ళు తగ్గినట్టుందని, కొత్త మోకాలి నూనె వేళ్ళకి కూడా పనిచేస్తోందని సంబరపడింది. బావ చాలాసేపు ఆలోచించి, మనిషికి జ్ఞానం పెరిగేకొద్దీ పాట పొట్టిగా వినిపిస్తుందని తేల్చాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. డ్రైవరు మాత్రం ఏమీ అనలేదు. తల వంచి పళ్ళెం వంక చూస్తున్నాడు.

పిల్లి అయిపోయింది. చివర్న ఖాళీ కుర్చీ.

నిజం చెబుతాను, మొదటి పాటకి నా గుండె జారిపోయింది. ఇతనెవరో నేనెరగను. పన్నెండేళ్ళుగా నేను వెనకేసుకొచ్చినవాడు బరువెక్కిన మనిషి, ప్రతి మాటకీ ముందు నిట్టూర్చే మనిషి. ఇతనేమో పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరినో చూడ్డానికి బయల్దేరినట్టున్నాడు. ఇన్నాళ్ళూ నేను వాదించింది బాకావాడి గురించా, నా ఇత్తడి ముక్క గురించా అని మతి పోయింది. రెండో పాటలో పియానో చెప్పాల్సింది చెప్పి ఊరుకుంది. అతను ఆగాడు. ఆ ఆగడం నిద్ర కాదు, ఉత్త ఊరించడం. అంతలోనే నవ్వుతూ అందుకున్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దవడ నొప్పని కండువాతో తుడుచుకున్నాను.

బావ ముందుకి వంగి వింటున్నాడు. నీళ్ళ కోసం లేవలేదు. పిన్ని టైపు కొట్టడం మానేసింది, అలా ఆవిడ మానెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. రెండో వైపు కూడా అయింది. ఆ తరవాత బావ గొంతు సవరించుకుని, ఇన్నాళ్ళూ తను సరిగ్గా విననట్టుందని, ఇందులో ఏదో ఉందని అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి పన్ను పీకించుకున్నంత కష్టమయింది. పిన్ని అప్పటికే చీటీ మీద రాసి మడిచేసింది, రాస్తూ నావైపు చూసి కన్ను కూడా కొట్టింది. బావ కలం మూత తీశాడు. నా కళ్ళు గోడ మీద, దవడపళ్ళ పక్కన నిరుటి అట్ట దించేసిన ఖాళీ మేకు మీదే ఉన్నాయి.

అప్పుడు అక్క లోపలినుంచి వచ్చింది. చేతిలో కేకు. కేకంటే పక్కలు బాగానే ఉన్నాయి, నడుమ మాత్రం గొయ్యి పడి, ఆ గోతిలో పచ్చి పిండి నిగనిగలాడుతోంది.

"ఆ మిషనుని ఎవరు ముట్టుకున్నార్రా?" అంది.

కేకు పాడైతే ఓవెన్ని అడగాలి గానీ మిషను ఏం చేసిందని నేనే ముందు నోరు పారేసుకున్నాను. అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. తను ప్రతి ఆదివారం నిద్రమాత్ర మొదటి వైపు మొదలవగానే కేకు లోపల పెడుతుందట. రెండో వైపు ఆగగానే తీస్తుందట. పన్నెండేళ్ళలో ఒక్కసారీ తేడా రాలేదట. ఓవెను అదే, పిండి అదే, చెయ్యి అదే. ఇవాళ తీస్తే పచ్చి. కాబట్టి ఈ పీపీలే ముందుగా ఆగిపోయాయి. ఖాళీ కుర్చీ వల్ల ఒకరికి ఉపయోగం ఉందని నాకు ఆరోజే తెలిసింది.

బావ కలం కింద పెట్టాడు. ఆయన మొహంలో జ్ఞానం దిగిపోయి అనుమానం ఎక్కింది. పెద్దాయన తొందర, పిన్ని వయసు, అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. మిషను చెడిందన్నాడు. మొన్నటిదాకా లక్షణంగా ఉన్నదాన్ని ఎవరో చెడగొట్టారన్నాడు. దాన్ని వారం వారం తుడిచేదీ, సూది దింపేదీ ఎవరని అడిగి, డ్రైవరు వైపు తిరిగాడు.

"చెవి ఎలాగూ లేదు నీకు. చెయ్యైనా ఉంది కదా అని అప్పజెప్పాను. అదీ లేదన్నమాట."

డ్రైవరు లేచి నిలబడ్డాడు. ఎర్రబడ్డాడు.

"నేనే ఏదో తిప్పేసుంటానండీ," అన్నాడు. "తెలీకుండా."

చూడండి, నేను నోరు మూసుకుంటే చాలు. పిన్ని ఓటు పడింది. బావ ఎలాగూ ఎర్ర గొడుగుకి వేసుకోలేడు, ఖాళీ కుర్చీ బావుందని అనేశాడు కూడా. మేకు ఖాళీగా ఉంది. నా పేరుకి ఢోకా లేదు. నేరం నెత్తినేసుకోవడానికి ఒక మెత్తటి మనిషి తనంతట తనే ముందుకొచ్చాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక పళ్ళ డాక్టరెంత? అలా ఒక నిమిషం కూర్చున్నాను కూడా. అబద్ధమెందుకు, నిమిషం పైనే కూర్చున్నాను. డ్రైవరు ఇంకా నిలబడే ఉన్నాడు, కూర్చోమనేవాళ్ళు లేరు. నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో తెలియడానికి కాస్త టైము పట్టింది.

జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టి విప్పాను. అతను కాదు, నేనన్నాను. చీటీల సంగతి, గోడగడియారం సంగతి, శనివారం పన్ను సంగతి, అన్నీ చెప్పాను. ఇవాళ మిషను చెడలేదు, ఇవాళే బాగుపడింది. చెడింది పన్నెండేళ్ళ కిందట, చెడగొట్టింది నేను, అన్నాను. చెప్పడం మొదలుపెట్టాక ఆపడం నా వల్ల కాలేదు.

బావ చాలాసేపు ఆ ఇత్తడి ముక్కనే చూశాడు. ఏడాదికి యాభై రెండు చొప్పున పైకే లెక్కేసి, ఆరువందల ఇరవై నాలుగు ఆదివారాలన్నాడు.

"అయితే మా పెద్దాయన ఓపిక?"

"అది ఆయన ఓపిక కాదు బావా. నా మిల్లీమీటరు."

ఆయన రోగుల కుర్చీలో కూలబడ్డాడు. పిన్నికి నవ్వాగలేదు. ఆరువందల ఇరవై నాలుగు వాంగ్మూలాలు తప్పు రాసుకున్నానని కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మళ్ళీ నవ్వుతూ, కోర్టులో ఐతే నిన్ను లోపలేసేవాళ్ళని నాతో చెప్పింది. అక్క, నా చిన్నప్పుడు నేను తప్పు చెప్పిన టైములన్నీ ఏకరువు పెట్టడం మొదలెట్టింది. బావ తేరుకుని, బోర్డు మీద కాలం తప్పదని రాసుకున్న మొహాన్ని ఒకసారి చూడనివ్వరా అని దగ్గరికొచ్చాడు. నేను అనుకున్నవన్నీ అన్నాడు, అనుకోనివి ఇంకో పాతిక అన్నాడు. చివరికి, జరిగిందేదో జరిగింది, పాత చక్రం మళ్ళీ పెట్టెయ్యి, మా పెద్దాయన్ని మాకిచ్చెయ్యి అని పట్టుబట్టాడు. సరైన వేగం అంటే మనం అలవాటుపడ్డ వేగమే అని వాదన కూడా లేవదీశాడు. కేకు సంగతి చూస్తే అదే న్యాయమంది అక్క.

ఈ గొడవలో డ్రైవరు బల్ల దగ్గరికి వచ్చి, చక్రాన్ని రెండు వేళ్ళతో తీసి వెలుగులో పట్టి చూశాడు.

"దీనివల్ల స్వరం కూడా దిగుతుందా అండీ? వేగం ఒక్కటేనా?"

స్వరం కూడా దిగుతుందన్నాను.

"ఎంత? ఒక మెట్టా?"

ఒకటిన్నర అన్నాను. ఇటు మెట్టుకీ కాకుండా అటు మెట్టుకీ కాకుండా సరిగ్గా మధ్యలో పడుతుంది.

అతను నిదానంగా కూర్చున్నాడు. నిదానంగానే చెప్పాడు. మా సభలో చేరిన కొత్తల్లో అతనొక క్లారినెట్ కొనుక్కున్నాడట. రికార్డులు తుడవడానికి బావ తాళంచెవి ఇచ్చాడు కదా, బుధవారం డ్యూటీ లేని పూట ఇక్కడికొచ్చి, రికార్డు పెట్టుకుని, దానితో పాటు ఊదేవాడట. ఏడాదిన్నర ఊదాడు. ఒక్క స్వరం కలవలేదు. కాస్త పైకి ఊదితే ఎక్కువయ్యేది, కిందికి ఊదితే తక్కువయ్యేది. ఎక్కడ పట్టుకున్నా జారిపోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వాయిద్యాన్ని ఎందుకు అనాలి, నాకే చెవి లేదనుకున్నాడు. అమ్మేశాడు. గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీసినా, చెవి లేనివాడికి పాటలెందుకని వాళ్ళావిడ అంటుందట. నిజమే కదా అని అతనే ఆపేస్తాడట. ఇవాళ రికార్డు మొదలవగానే ఏదో తేడాగా ఉందని, పాట తన లోపలున్న దాంతో కలిసిపోయినట్టుందని అనిపించిందట. తనకి చెవి లేదు కాబట్టి ఆ మాట బయటికి అనలేదట.

అక్క కేకు పళ్ళెం కింద పెట్టింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. నా పేరు, నా బాకావాడు, ఈ రెండిటి మధ్యే తూకం వేస్తూ వారమంతా కూర్చున్నాను. మద్దెల నిజంగానే ఓడైతే ఆడేవాడి గతేమిటో నాకు తట్టనే లేదు. తిట్టవయ్యా అన్నాను. నాలుగు తగిలించినా పడతానన్నాను.

డ్రైవరు నా మాట వింటున్నట్టు లేదు. మొహమంతా నవ్వు. నలభై దాటిన మనిషి, స్కూల్లో బహుమతి వచ్చినట్టు నవ్వుతున్నాడు.

"అయితే నాకు చెవి ఉందన్నమాటేగా గురువుగారూ?"

ఉందన్నాను. మా అందరికంటే నీకే ఉంది, అందరం తప్పుతో తాళం వేస్తే నువ్వొక్కడివే దానితో కలవలేదన్నాను.

అతను ఆ చక్రాన్ని తను తీసుకోవచ్చా అని అడిగాడు. వాళ్ళావిడకి చూపించాలట. ఊరికే చెబితే నమ్మదట, సాక్ష్యం ఉండాలట. బావ లేచి, అది మా పెద్దాయనదిరా, మిషనులో పెట్టాలి, ఇవ్వడానికి వీల్లేదన్నాడు. బావని నేను పన్నెండేళ్ళలో మొదటిసారి మెత్తగా, కూర్చోండి బావా అన్నాను. చక్రాన్ని కాగితంలో చుట్టి డ్రైవరు చేతిలో పెట్టాను. అతను దాన్ని కళ్ళకద్దుకుని జేబులో వేసుకుని, నాకు దండం పెట్టి, గబగబా బయల్దేరాడు. తిడితే తట్టుకుందును, ఆ దండాన్ని తట్టుకోలేకపోయాను.

ఉత్త ఇత్తడి ముక్క చూపిస్తే ఆవిడకేం తెలుస్తుంది? మొగుణ్ణి ఎవరో ఆటపట్టించారనుకుంటుంది. ఆ తప్పు చేసినవాడు ఎదురుగా నిలబడి, అమ్మా, ఇది నా పని, నేనే తప్పు కొలిచాను, మీ ఆయన చెవిలో ఏ లోపమూ లేదు అని నోటితో చెప్పాలి. నేనూ చెప్పులేసుకున్నాను. ఓటింగు ఎవరు చేస్తార్రా అని బావ లోపలినుంచి అరుస్తున్నాడు. మీరే చేసుకోండని చెప్పి, డ్రైవరు వెనకాల పరుగులాంటి నడకతో వీధి మలుపు తిరిగాను.